పెద్దాయనకు జంతువు పేరు పెట్టే పద్ధతి

ఇంట్లోనో వీధిలోనో ఒక ముసలాయన అందరి ప్రాణం తీస్తుంటే మీరు చేయవలసిన మొదటి పని ఓర్చుకోవడం మానేయడం. రెండో పని ఆయనకు సరిపోయే జంతువును వెతకడం. వయసైపోయింది, పోనీలే అని తలుపు చాటున గొణుక్కోవద్దు. బంధువులను పిలిచి పంచాయతీ పెట్టొద్దు. కూర్చోబెట్టి నచ్చజెప్పొద్దు. నలుగురూ ఉన్నప్పుడు, మొహం మీదే, వరస పెట్టి పిలిచి, జంతువు పేరు అనేయండి. నెల్లూరు జిల్లాలో ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య పల్లెల్లో గొర్రెల మందల పక్కన పెరిగినవాడిగా ఇది నేను గట్టిగా నమ్మే మాట. మా వైపు మందు పనిచేయని చోట, కోర్టు తీర్పు నిలవని చోట, జంతువు పేరు పనిచేసింది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఈ విద్య మన చేతుల్లోంచి జారిపోతోంది. బెంగళూరులో, మద్రాసులో, అమెరికాలో పెరిగిన మనవళ్లు సెలవులకు వచ్చి తాతను చూసి ఓల్డ్ గోట్ అంటున్నారు. ఎదురింటాయన ఓల్డ్ కూట్. రేషన్ షాపు దగ్గర వరస తప్పించే పెద్దాయన ఓల్డ్ బజర్డ్. సినిమాల్లో విన్న మాటలవి. తాతకు అర్థం కాదు కాబట్టి గొడవ లేదనుకుంటారు తల్లిదండ్రులు. అసలు నష్టమంతా అక్కడే ఉంది. తిట్టు తిన్నవాడికి అర్థం కాని తిట్టు వృథా. ఆయన మారడు, అన్నవాడికి కడుపుమంట తీరదు.

కాబట్టి ఇంగ్లీషు జంతువులను ముందు ఇంటి బయట పెట్టండి. అవి మన ముసలాళ్లకు అతకవు. ఓల్డ్ గోట్ అంటే వాళ్ల దేశంలో వయసు మీరినా ఆడవాళ్ల వెంట చూపులు పోనిచ్చేవాడు. మనకు మేకపోతు అనగానే గుర్తొచ్చేది గాంభీర్యం. గుహలో సింహం ఎదురైతే గడ్డం ఊపుకుంటూ బెదరకుండా నిలబడ్డ కథలోని మేకపోతు. చెడ్డచూపు ముసలాయన్ను మేకపోతు అన్నారంటే ఆయన మీసం దువ్వుకుంటాడు. కూట్ అనేది నల్లటి నీటిపక్షి, నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది, చలికాలంలో చెరువుల్లో గుంపులుగా ఈదుతుంది. మా మెట్టలో మూడేళ్లకోసారి చెరువు నిండితే గొప్ప. సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉన్నా దాని నీళ్లు ఉదయగిరి కొండకిందికి ఎక్కి రావు. కనిపించని పక్షి పేరుతో తిడితే ఎవరికి తగులుతుంది?

బజర్డ్ సంగతి మరీ అన్యాయం. అమెరికాలో ఆ మాట రాబందుకు వాడతారు, పీక్కుతినే ముసలాడని అర్థం. మనకు ముసలి రాబందు అంటే జటాయువు. రెక్కలు తెగేదాకా రావణుడితో పోరాడిన పెద్దాయన. లేపాక్షిలో ఆయనకు అంత పెద్ద విగ్రహం పెట్టుకున్నాం. ఆ పేరు తిట్టుగా వాడితే ఎదుటివాడికి సన్మానం చేసినట్టవుతుంది. పైగా రాబందులు ఇప్పుడు ఎక్కడున్నాయి? పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి కడుపులోకి పోయి, మూత్రపిండాలు చెడి, మందలు మందలు రాలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేనాటికే తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిది పోయాయి. పిల్లలు చూడని పక్షి అది. ముసలి ఎలుగు అని కూడా అనొద్దు. జాంబవంతుడు ఎలుగే. సముద్రం ముందు కూలబడ్డ వానరులలో హనుమంతుడికి తన బలం గుర్తుచేసిన ముసలాయన. ఎలుగు పేరు మంచి పెద్దాయన కోసం దాచండి.

ఇక మన జంతువుల దగ్గరికి వద్దాం. ఎంపికలో ఒకటే సూత్రం. ఆ ముసలాయన రోజూ చూసే జంతువై ఉండాలి, దాని గుణం ఆయనకు తెలిసి ఉండాలి. అప్పుడే మాట లోపలికి దిగుతుంది.

మా వైపు మొదటి స్థానం పొట్టేలుదే. నెల్లూరు జాతి గొర్రె దేశంలోకెల్లా ఎత్తయిన గొర్రె. ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. చెవులు వేలాడతాయి, మెడ కింద రెండు తిత్తులు ఊగుతుంటాయి, కొమ్ములు పొట్టేలుకే ఉంటాయి. తెల్లగా ఉంటే పల్ల, తెల్ల ఒంటి మీద మూతికీ కళ్లకూ నల్లమచ్చలుంటే జొడిపి, ఎర్రమట్టి రంగుదైతే దోర. పొట్టేలు పొడిచే ముందు ఏం చేస్తుందో గొర్రెలు కాసిన ప్రతివాడికీ తెలుసు. అరవదు, బుస కొట్టదు. తల కొంచెం వంచి నాలుగడుగులు వెనక్కి నడుస్తుంది. తెలియనివాడు భయపడిందనుకుంటాడు. ఆ వెనకడుగే దెబ్బ. మీ ఇంట్లో పెద్దాయన ఆస్తి మాట వచ్చినప్పుడల్లా "సరేలే, మీ ఇష్టం, నాదేముంది" అని గొంతు తగ్గించి, మర్నాడు పొద్దున్నే రిజిస్ట్రారాఫీసులో తేలే రకమైతే ఆయన పొట్టేలు. ఇంకో జంతువు కోసం వెతకొద్దు.

ఒక కర్మంతరం భోజనాల దగ్గర నా కళ్లముందు జరిగింది చెబుతాను. బంతిలో కూర్చున్న ఒక పెదనాయన పప్పులో ఉప్పు లేదని ఒకసారి, అన్నం చిమిడిందని ఒకసారి, చివరికి నాకేం వద్దులే అని ఆకు ముందు నుంచి కొంచెం వెనక్కి జరిగాడు. ఆ జరగడం చూసి వడ్డించే పిల్ల గరిటె పట్టుకునే అంది:

"పెదనాయనా, నువ్వు జొడిపి పొట్టేలువి. ఎనక్కి జరిగినావంటే ఎవురికో మూడిందే!"

బంతి బంతంతా నవ్వింది. ఆయన తెల్ల మీసం, కంటిచుట్టూ నల్లటి వలయాలు చూసినవాళ్లకు ఆ జొడిపి మాట ఎంత కుదిరిందో అర్థమైంది. ఆయన ఆ పిల్లను కాసేపు చూసి, "సాంబారు పొయ్యి" అని ఆకు దగ్గరికి జరిగాడు. ఆ పెదనాయన తర్వాత చాలాకాలం ఆ ఇంటి గడప తొక్కలేదని కొందరు నాతో వాదిస్తారు. తొక్కకపోతే ఏం? పప్పులో ఉప్పు గురించి మళ్లీ ఎవరూ మాట పడలేదు. అందుకే చెబుతున్నాను, కర్మంతరాన్ని మించిన సమయం లేదు. బంధువులందరూ ఒకేచోట ఉంటారు, ఎవరూ మధ్యలో లేచిపోలేరు, చనిపోయినవారిని తలుచుకుని మనసులు మెత్తబడి ఉంటాయి. పెళ్లిలో అనొద్దు, మైకుల హోరులో వినబడదు.

రెండో జంతువు దున్నపోతు. దీన్ని చాలామంది మొద్దుతనానికి వాడతారు, నాకు నచ్చదు. బర్రెకూ దున్నకూ చెమట గ్రంథులు తక్కువ, అందుకే ఎండ పొద్దున కుంటలో దిగి కదలకుండా పడుకుంటుంది. వాన కురిసినా లేవదు, రాయి వేసినా లేవదు, వేళ అయినప్పుడు తానే లేస్తుంది. అన్నీ విని ఏదీ విననట్టు మంచం మీద అటు తిరిగి పడుకునే మామగారు దున్నపోతు. "ఆత్మకూరు పోయి ఆ పింఛను పని చూసుకో మామా" అని కోడలు పది రోజులు చెప్పినా పలకని మనిషి. ఆయన్ను దున్నపోతు అనేటప్పుడు అరవకండి. నీళ్ల చెంబు మంచం కోడు దగ్గర పెట్టి మామూలు గొంతుతో అనండి. అరిస్తే ఆయనకు అది వానే.

ఆబోతు పేరు మాత్రం తొందరపడి ఇవ్వొద్దు. దేవుడి పేరున అచ్చువేసి వదిలిన ఎద్దది. దానికి ముక్కుతాడు లేదు, ఎవరి చేలో పడి మేసినా కొట్టేవాడు లేడు. ఒకప్పుడు పదవి చేసి, పదవి పోయినా ఆ దర్పం పోక, ఏ ఇంట్లో ఏం వండారో అడిగి మరీ తినిపోయే పెద్దాయనకే అది తగుతుంది. అచ్చోసిన ఆంబోతు అని పూర్తిగా అనండి, సగం మాట అంటే సగమే తగులుతుంది. ఒక ఇబ్బంది ఉంది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోది కావడంతో మన ఒంగోలు ఎద్దు విదేశాల్లో నెల్లూరు పేరుతోనే స్థిరపడింది. బ్రెజిల్‌లో ఇవాళ కోట్లకొద్దీ పశువులను నెలోర్ అనే పిలుస్తారు. ఈ సంగతి తెలిసిన ముసలాయన్ను ఆబోతు అంటే నా పేరు బ్రెజిల్ దాకా ఉందిరా అంటాడు. అలాంటి చదువుకున్న ఆబోతుకు జలగ పేరుతో సరిపెట్టండి.

ఉడుము, గట్టు తగాదాల మనిషికి. పట్టింది వదలడు. కయ్య గట్టు మూడు జానలు ఎవరిదన్న విషయం మీద తండ్రి కాలం నుంచి కోర్టు చుట్టూ తిరుగుతూ, ఆ మూడు జానల విలువకు వందరెట్లు ఖర్చు పెట్టినవాడు మా మండలాల్లో ఊరికొకడైనా ఉంటాడు. ఉడుమును చంపితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పెద్ద నేరం. మీ ముసలి ఉడుముకు ఆ సంగతి కూడా చెప్పండి. తనను ఎవరూ ఏం చేయలేరన్న ధీమాతో కాస్త మెత్తబడతాడు. కొండముచ్చు, వీధిలో పిల్లలను ఆడుకోనివ్వని తాతకు. కోతుల బెడద తట్టుకోలేక కొండముచ్చును తెచ్చి కట్టేయడం చూశారు కదా, ఆయన అరుగు మీద కూర్చుంటే బంతి పట్టుకున్న పిల్లవాడు ఆ సందులోకి రాడు. పొద్దుగూకే వేళ కిటికీలోంచి ఏ ఇంటికి ఎవరొచ్చారో కళ్లార్పకుండా చూసేవాడు పైడికంటి, అంటే గుడ్లగూబ. తొండ మాత్రం నడివయసు వాళ్లకు పెట్టి ఉంచండి. తొండ ముదిరితే ఊసరవెల్లి అని ఊరికే అనలేదు, అరవై దాటగానే ఆ పేరు తనంతట తానే మారుతుంది, మీకు శ్రమ ఉండదు.

నక్కనూ పులినీ కొంగనూ వాడాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇవి పుస్తకాల్లో నలిగిపోయాయి. చిన్నయ సూరి 1853లో నీతిచంద్రిక అచ్చువేసినప్పటి నుంచి బంగారు కంకణం చూపి బాటసారిని బురదలోకి పిలిచిన ముసలి పులిని బడిపిల్లలందరూ చదువుకున్నారు. పంచతంత్రంలోని ముసలి కొంగనూ చదివారు. నీతులు చెప్పి మోసం చేసే ముసలాయనకు ఇవి అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, కాదనను. కానీ వినీ వినీ మొద్దుబారాయి. నక్క అంటే ఈ రోజుల్లో తెలివిగలవాడని మెచ్చుకున్నట్టే తీసుకుంటారు. గాడిద, కుక్క, పంది పేర్ల జోలికి అసలు పోవద్దు. అవి ఒక మనిషిని చూసి అన్న మాటలు కావు, ఎవరినైనా అనగలిగిన మాటలు. చూడకుండా అన్నదానికి విలువ లేదు.

ఎట్లా అనాలో కూడా చెప్పాలి. వరస తీసేసి అంటే అది బూతు. వరసతో అంటే సలహా. "తాతా, నువ్వు ఉడుమువి", "మామా, మీరు దున్నపోతు మామా" అనండి. మీరు అని పిలిచే అలవాటున్న చోట మీరే ఉంచండి, గారు కూడా ఉంచండి. మర్యాదలో ఒక్క అక్షరం తగ్గించకుండా పొట్టేలుగారూ అంటే కోపం తెచ్చుకోవడానికి ఎదుటివాడికి పట్టు దొరకదు. ఎప్పుడూ చాటున అనొద్దు. వెనక నవ్వుకునే పేరు ముసలాయనకు చేరేసరికి ఇంకొకరి నోటి విషం కలిసి చేరుతుంది.

ఇక్కడ శిశుపాలుడి సంగతి గుర్తుపెట్టుకోండి. వ్యాసభారతం సభాపర్వంలో అతను నిండు సభలో భీష్ముణ్ని ఒక ముసలి హంసతో పోల్చాడు. ధర్మం బోధిస్తూ, నమ్మి అప్పగించిన పక్షుల గుడ్లను తిన్న హంస. పెద్దాయనకు జంతువు పేరు పెట్టే విద్య ఎంత పాతదో చూడండి. శిశుపాలుడి తల తెగింది కదా అని భయపెడతారు కొందరు. అతని తల తెగింది హంస మాటకు కాదు, కృష్ణుణ్ని నూరు తప్పులు దాటి నిందించినందుకు. మీరు నూరు దాకా పోవద్దు. ఒక ముసలాయనకు ఒకసారికి ఒక జంతువు, అంతే.

చట్టం మాట కూడా అడుగుతారు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై దాటినవారికి తిండి, బట్ట, నీడ, వైద్యం పిల్లలు చూడాలని చెప్పింది. నేను ఒక్కటి కూడా ఎగ్గొట్టమనడం లేదు. వేళకు అన్నం పెట్టండి, మాత్రలు మింగించండి, ఆ తర్వాతే పేరు పెట్టండి. అయితే కావాలని అవమానించి గొడవకు రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 352 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలుంది. అందుకే పక్కన నవ్వే మనుషులు తప్పనిసరి అంటున్నాను. అందరూ నవ్వుతున్న చోట గొడవ లేవదు. లేచిందంటే మీరు జంతువును తప్పుగా ఎంచారని అర్థం, ఇంకోటి వెతకండి.

మొదటి పేరు అతకలేదని వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధ. శ్రీకృష్ణదేవరాయలంతటివాడికే ఉదయగిరి కోట పట్టడానికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో గానీ చేతికి రాలేదు. ఆ కొండకింద పుట్టిన ముసలాయన ఒక్క మాటకు లొంగుతాడా? దున్నపోతు పనిచేయకపోతే ఉడుము, ఉడుము కాకపోతే కొండముచ్చు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు జాతకాలకన్నా ముందు ఈ విచారణే చేయండి. కాబోయే మామగారిది ఏ జంతువని ఆ ఊరి గొర్రెల కాపరిని అడగండి, మధ్యవర్తిని కాదు. పొట్టేలు ఇంటికి ఉడుము బిడ్డను ఇవ్వొద్దు, జీవితాంతం గోడలు పగులుతూనే ఉంటాయి.

ఇంత చెప్పడానికి నాకున్న కారణం ఒక్కటే. ఉదయగిరి, వరికుంటపాడు, సీతారామపురం, మర్రిపాడు పల్లెల్లో వానలు లేక, బోర్లు ఎండి, వయసులో ఉన్నవాళ్లు నెల్లూరుకూ బెంగళూరుకూ గల్ఫుకూ వెళ్లిపోయారు. సందు సందుకూ తాళం వేసిన ఇళ్లు, ఒక్కొక్క అరుగు మీద ఒక్కొక్క ముసలాయన. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆయనతో పోట్లాడటానికి కూడా మనిషి లేడు. ఫోనులో కొడుకు "తిన్నావా నాయనా" అంటాడు, ఆయన "ఆ" అంటాడు, పెట్టేస్తారు. ఆ మనిషి వీధిన పోయే ప్రతివాడి మీదా అరవకుండా ఎట్లా ఉంటాడు? బయటివాళ్లు ఆయనకు భయపడి దణ్ణం పెట్టి తప్పుకుంటారు. ఆ దణ్ణమే ఆయన్ను ఇంకా చెడగొడుతోంది. నిలబడి, ఆయన్ను నిదానంగా చూసి, ఈయన ఏ జంతువో ఆలోచించే ఓపిక ఎవరికైనా ఉంటే ఆయనకు అంతకన్నా కావలసిందేముంది? పేరు పెట్టిన మర్నాడు ఆయన మీకోసం కర్ర పట్టుకుని ఎదురుచూస్తాడు. వెళ్లండి. ఆ కర్ర చేతపట్టి ఆయన చాలాకాలం తర్వాత లేచి నాలుగడుగులు నడిచాడని గమనించండి.

అమెరికా పిల్లలకు వీడియో కాల్‌లో నేర్పించండి. గోట్, కూట్ మాన్పించి పల్ల, జొడిపి, దోర తేడా చెప్పండి. తాతకు ఏది సరిపోతుందో వాళ్లనే తేల్చమనండి. ఆ తాత కూడా ఊరుకోకుండా మనవడికి ఒక జంతువు వెతకాలి. కొడుక్కి కూడా.

సంక్రాంతికి ఊళ్లకు వచ్చేవాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను. కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో దండ వేశాక, తినుబండారాల పొట్లాలు పంచి వెళ్లిపోవద్దు. ఆ వీధిలోని ప్రతి ముసలాయన ముందూ నిలబడి, వరస పెట్టి పిలిచి, ఆయన జంతువు పేరు ఆయనకు చెప్పి, సాయంత్రం దాకా అక్కడే కూర్చోండి. తిడితే తిట్టించుకోండి.